యూనివర్సిటీ క్యాంపస్‌లో ఈసీఈనా, ప్రైవేటులో సీఎస్‌ఈనా? ఫీజు లెక్క వేసుకునే పద్ధతి

మీ ప్రశ్న ఇది: ఊరు కరీంనగర్. అమ్మాయి బీసీ-బి, ఇంటర్ ప్రైవేటు కాలేజీలో చదివింది, టీజీ ఈఏపీసెట్‌లో 18 వేల పైన ర్యాంకు. మీ ఆదాయం ఏటా రూ.1.80 లక్షలు. ముందున్న దారులు మూడు. జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి), ఫీజు ఏటా రూ.50 వేలు. హైదరాబాద్ శివారు ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో వచ్చే సీటులో, సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), ఫీజు ఏటా రూ.1.20 లక్షలు. ఇంకాస్త పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా సీఎస్‌ఈ, నాలుగేళ్లకు అన్నీ కలిపి రూ.13 లక్షలు అడుగుతున్నారు, అందులో రూ.5 లక్షలు బయట వడ్డీకి తేవాలి.

నా సమాధానం: మూడోది వదిలేయండి. మొదటి రెండింటిలో క్యాంపస్ కాలేజీ ఈసీఈకే వెళ్లండి. ప్రైవేటు సీఎస్‌ఈని ఆప్షన్లలో పెట్టుకోవచ్చు, కానీ దాని కిందే. ప్రభుత్వ కాలేజీ అయినంత మాత్రాన మంచిదని నేను అనను. ఎక్కడ జాగ్రత్త పడాలో కింద చెబుతాను. మీ ర్యాంకుకు, మీ ఆదాయానికి మాత్రం లెక్క అటువైపే మొగ్గుతోంది.

చాలామంది చేసే పొరపాటు, "ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తుంది కదా, ఫీజు ఎంతైతే ఏంటి" అనుకోవడం. తెలంగాణలో ప్రైవేటు కాలేజీలో ఇంటర్ చదివిన బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10 వేల లోపు ఉంటేనే ట్యూషన్ ఫీజు మొత్తం వస్తుంది. మీ అమ్మాయిలా 10 వేలు దాటితే రూ.35 వేల వరకే. కాలేజీ ఫీజు రూ.50 వేలైనా, రూ.లక్షన్నర అయినా ప్రభుత్వం ఇచ్చేది ఆ రూ.35 వేలే. మిగతాది మీ జేబులోంచి పోవాలి. ఆదాయ పరిమితి బీసీలకు పల్లెల్లో రూ.1.50 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. మీరు కరీంనగర్ పట్టణంలో ఉన్నారు కాబట్టి రూ.1.80 లక్షలతో అర్హత ఉంది. అదే ఆదాయంతో పల్లె చిరునామా ఉంటే ఉండేది కాదు. ధ్రువపత్రంలో చిరునామా ఏముందో ఇప్పుడే చూసుకోండి.

కాబట్టి పోల్చాల్సింది రూ.50 వేలను, రూ.1.20 లక్షలను కాదు. క్యాంపస్‌లో మీరు కట్టేది ఏటా రూ.15 వేలు, ప్రైవేటులో రూ.85 వేలు. దీనికి హాస్టల్ కలపండి. క్యాంపస్ హాస్టల్ మెస్ నెలకు రూ.3,500 అనుకుంటే పది నెలలకు రూ.35 వేలు. హైదరాబాద్ శివారులో ప్రైవేటు హాస్టల్ నెలకు రూ.7 వేలు అనుకుంటే రూ.70 వేలు. అంటే క్యాంపస్‌లో ఏటా రూ.50 వేలు, ప్రైవేటులో రూ.1.55 లక్షలు. నాలుగేళ్లకు రూ.2 లక్షలు ఒకవైపు, రూ.6.20 లక్షలు ఇంకోవైపు. హాస్టల్ అంకెలు నా అంచనా. మీరు ఫోన్ చేసి కనుక్కున్న అసలు రేట్లు వేసి మళ్లీ లెక్క కట్టండి. పరీక్ష ఫీజు, స్పెషల్ ఫీజు, ఎన్‌బీఏ (కోర్సు గుర్తింపు) ఫీజు, ప్లేస్‌మెంట్ శిక్షణ పేరుతో తీసుకునే సీఆర్‌టీ ఫీజు ఇందులో కలపలేదు. చేరే ముందే "ట్యూషన్ ఫీజు కాకుండా ఏటా ఇంకేం కట్టాలి" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా చెప్పింది రెండో ఏడు వచ్చేసరికి మారిపోతుంది. మెయింటెనెన్స్ స్కాలర్‌షిప్ కూడా కొంత వస్తుంది గానీ ఎప్పుడొస్తుందో చెప్పలేం, దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఆ రూ.35 వేలు కూడా సమయానికి రావు. ప్రభుత్వ బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. బకాయి భారం చివరికి విద్యార్థి మీదే పడుతుంది. "ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం, ఇప్పుడైతే మొత్తం కట్టండి" అంటారు. లేదంటే నాలుగో ఏడు అయ్యాక టీసీ, మెమోలు ఆపేస్తారు. ఉద్యోగంలో చేరాల్సిన వారం అది, అప్పుడు ఎక్కడినుంచో అప్పు తెచ్చి కడతారు. అందుకే ప్రైవేటులో చేరేవాళ్లు కనీసం ఒక ఏడాది రీయింబర్స్‌మెంట్ మొత్తాన్ని, అంటే రూ.35 వేలు, బ్యాంకులో విడిగా పెట్టుకోవాలి. ముందుగా కట్టించుకుంటే రసీదు మీద "రీయింబర్స్‌మెంట్ విడుదలైతే తిరిగి చెల్లించబడును" అని రాయమనండి. రాయనంటే ఆ డబ్బు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు లోన్ సంగతి. ఒకవేళ ప్రైవేటు సీఎస్‌ఈకే వెళ్లాలనుకుంటే ఏటా రూ.85 వేలు బ్యాంకు నుంచి తీసుకోవచ్చు. నాలుగేళ్లకు రూ.3.40 లక్షలు. బ్యాంకులు పాటించే మోడల్ స్కీమ్ ప్రకారం రూ.4 లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు, మార్జిన్ (మీరు సొంతంగా పెట్టాల్సిన వాటా) కూడా లేదు. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. కానీ వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. 10 శాతం సాధారణ వడ్డీ అనుకుందాం. మొదటి ఏడాది తీసుకున్న రూ.85 వేలకు ఐదేళ్ల వడ్డీ, రెండో ఏడాదిదానికి నాలుగేళ్లది, అలా మొత్తం రూ.1.19 లక్షలు పోగవుతుంది. వాయిదాలు మొదలయ్యే రోజుకు అప్పు రూ.4.59 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు రూ.6,070 దాకా కట్టాలి. మొత్తం కట్టేది దాదాపు రూ.7.28 లక్షలు. హాస్టల్ ఖర్చు దీనికి అదనం.

ఈ భారం తగ్గించుకునే దారి ఒకటుంది. కుటుంబ ఆదాయం రూ.4.50 లక్షల లోపు ఉంటే కేంద్ర వడ్డీ రాయితీ పథకం (సీఎస్‌ఐఎస్) కింద చదివినన్నాళ్లు, ఆ తర్వాత ఏడాది వరకు పడే వడ్డీని కేంద్రమే కడుతుంది. అప్పుడు ఆ రూ.1.19 లక్షలు మీకు పడవు, వాయిదా రూ.4,500కు దిగుతుంది. కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉండాలి. ఈ రాయితీ దానంతటదే రాదు. లోన్ మంజూరయ్యేటప్పుడే తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం జతచేసి, "సీఎస్‌ఐఎస్ కింద నమోదు చేయండి" అని బ్రాంచిలో అడగాలి. మరుసటి ఏడాది పాస్‌బుక్‌లో వడ్డీ జమ పడిందో లేదో చూడాలి. అడగకపోతే చాలా బ్రాంచీలు మామూలు లోన్ కిందే నడిపేస్తాయి.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి వేరే పథకం. తాకట్టు గానీ, హామీదారు గానీ లేకుండా లోన్ ఇస్తారు. రూ.8 లక్షల లోపు ఆదాయం ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ అందని వాళ్లకు రూ.10 లక్షల వరకు లోన్ మీద, వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. అయితే అన్ని కాలేజీలకూ వర్తించదు. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థలకే. అందులోనూ మేనేజ్‌మెంట్ కోటా సీటుకు వర్తించదు. మీ కాలేజీ జాబితాలో ఉందో లేదో ఆ పోర్టల్‌లోనే చూసుకోవచ్చు.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ లెటర్‌హెడ్ మీద నాలుగేళ్ల ఫీజు వివరం, పదో తరగతి, ఇంటర్ మెమోలు, ఇద్దరి ఆధార్, పాన్, ఆదాయ ధ్రువపత్రం, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్లండి. మీకు పాత బైకు లోనో, గ్రూపు లోనో ఎగ్గొట్టినట్టు సిబిల్‌లో (మీ పాత అప్పుల రికార్డులో) ఉంటే అక్కడే ఆగిపోతుంది. ముందే చూసుకుని, ఉంటే కట్టి క్లియరెన్స్ లెటర్ తెచ్చుకోండి. వీలైతే చదువు సాగుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టండి. మొదటి ఏడాది నెలకు రూ.700 చిల్లరే అవుతుంది, నాలుగో ఏడాదికి రూ.2,800 పైచిలుకు. అలా కట్టేవాళ్లకు వడ్డీలో 1 శాతం దాకా తగ్గించే వెసులుబాటు మోడల్ స్కీమ్‌లో ఉంది, బ్రాంచిలో అడగండి.

మేనేజ్‌మెంట్ కోటా ఎందుకు వద్దంటున్నానంటే. ఒకటి, ఆ సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు, నాలుగేళ్లలో రూ.1.40 లక్షలు అక్కడే పోయాయి. రెండు, బయటి అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రూ.5 లక్షలకు నెలకు రూ.10 వేలు వడ్డీ. నాలుగేళ్లలో వడ్డీయే రూ.4.80 లక్షలు కడతారు, అసలు రూ.5 లక్షలు అలాగే ఉంటుంది. మీ నెలసరి రాబడి రూ.15 వేలు. అందులో పది వేలు వడ్డీకే పోతే ఇల్లు ఎలా నడుస్తుంది? ఒక్క సెమిస్టర్ ఫీజు ఆలస్యమైనా అమ్మాయిని హాల్‌టికెట్ దగ్గర ఆపుతారు. చదవాల్సిన పిల్ల మీద ఆ ఒత్తిడి పెట్టకండి. మూడు, ఫీజు కమిటీ ఖరారు చేసిన దాని మీద "డొనేషన్" అని నగదు అడిగితే అది చట్టవిరుద్ధం. క్యాపిటేషన్ ఫీజును నిషేధించిన చట్టం 1983 నుంచే ఉంది. నగదుకు రసీదు ఉండదు, సీటు మానుకుంటే ఆ డబ్బు అడగడానికి మీ చేతిలో ఆధారమూ ఉండదు.

క్యాంపస్ కాలేజీ విషయంలో జాగ్రత్త పడాల్సినవి కూడా ఉన్నాయి. అన్ని క్యాంపస్‌లూ కూకట్‌పల్లి క్యాంపస్‌లా ఉండవు. జిల్లాల్లోని కొన్నిచోట్ల రెగ్యులర్ అధ్యాపకులు తక్కువ, కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీతో నడుస్తుంటాయి. కంపెనీలు అంత దూరం రావు, పిల్లలే డ్రైవ్‌ల కోసం హైదరాబాద్ వెళ్లాలి. ఒక రోజు కేటాయించి వెళ్లి చూసి రండి. ప్రిన్సిపల్ గదికి పోవద్దు, మూడో ఏడాది చదివే ఈసీఈ పిల్లలను హాస్టల్ దగ్గర కలవండి. ఈ సెమిస్టర్‌లో ఎన్ని సబ్జెక్టులకు టీచర్ ఆలస్యంగా వచ్చారు, ల్యాబ్‌లో ఒక కిట్ దగ్గర ఎంతమంది నిలబడతారు, అమ్మాయిల హాస్టల్‌లో ఫస్టియర్ వాళ్లందరికీ గది దొరికిందా, సీనియర్లలో ఎవరికి ఏ కంపెనీలో వచ్చింది అని అడగండి. వాళ్లు దాచరు. హాస్టల్ దొరకదని తేలితే మీ లెక్క మారిపోతుంది, ఆ ఒక్కటి తప్పకుండా తేల్చుకోండి.

ఇంకో చిక్కు. యూనివర్సిటీ పేరున్న ప్రతి సీటూ తక్కువ ఫీజు సీటు కాదు. కొన్ని యూనివర్సిటీల్లో సెల్ఫ్ ఫైనాన్స్, సెల్ఫ్ సపోర్టింగ్ కోర్సులుంటాయి, ఫీజు ప్రైవేటు స్థాయిలోనే ఉంటుంది. కాలేజీ కోడ్ చివర ఎస్‌ఎఫ్, ఎస్‌ఎస్ లాంటి అక్షరాలు కనిపిస్తే ఫీజు కాలమ్ మరోసారి చూడండి.

ఈసీఈ తీసుకుంటే సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోతుందన్న భయం అక్కర్లేదు. పెద్ద సర్వీసు కంపెనీలు ఈసీఈ వాళ్లను కూడా పరీక్షకు పిలుస్తాయి. వాళ్లు ముందు చూసేది 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్ లేకపోవడం, కోడింగ్. పైగా ఈసీఈ చదివితే చిప్ డిజైన్, ఎంబెడెడ్ వైపు కూడా పోవచ్చు. కాలేజీలో సీఎస్‌ఈ మైనర్ (అదనపు సబ్జెక్టుల కోర్సు) ఇస్తే 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చేసి సర్టిఫికెట్ మీదే చూపించుకోవచ్చు. ఇంకో మాట, తెలంగాణలో చివరి విడత అయ్యాక అదే కాలేజీలో బ్రాంచి మారే ఇంటర్నల్ స్లైడింగ్‌ను ఇప్పుడు కన్వీనరే ఆన్‌లైన్‌లో చేస్తున్నారు. అలా మారితే రీయింబర్స్‌మెంట్ పోదు. సీఎస్‌ఈలో ఎవరైనా ఎన్‌ఐటీకో, ఐఐటీకో వెళ్లిపోతే ఆ సీటు మీ అమ్మాయికి దక్కే అవకాశం ఉంది. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లను కాలేజీలే నింపుకునే స్పాట్ అడ్మిషన్ జోలికి మాత్రం పోవద్దు, దానికి రీయింబర్స్‌మెంట్ ఉండదు.

ప్రైవేటు సీఎస్‌ఈ పేరు చూసి మురిసిపోయే ముందు అక్కడ ఎన్ని సీట్లున్నాయో చూడండి. 2024-25 నుంచి ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర మండలి) బ్రాంచికి ఇన్ని సీట్లేనన్న పరిమితి ఎత్తేసింది. హైదరాబాద్ చుట్టుపక్కల సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి సీఎస్‌ఈ, ఏఐ, డేటా సైన్స్ సెక్షన్లు పెంచిన కాలేజీలు చాలా ఉన్నాయి. సెక్షన్లు పెరిగినంత వేగంగా టీచర్లు పెరగరు. నిబంధన ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో మాండేటరీ డిస్‌క్లోజర్ అనే పేజీ ఉంటుంది. అందులో సీఎస్‌ఈ అధ్యాపకుల జాబితా లెక్కపెట్టి, నాలుగేళ్ల సీట్లతో పోల్చండి. ప్లేస్‌మెంట్ బోర్డు మీద "అత్యధిక ప్యాకేజీ" చూడొద్దు. ఆ బ్రాంచిలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అని అడగండి. ఒకే పిల్లకు నాలుగు ఆఫర్లొస్తే నలుగురికి వచ్చినట్టు చూపే కాలేజీలున్నాయి.

ప్రైవేటే సరైనది ఎప్పుడంటే: ర్యాంకు 10 వేల లోపు ఉన్నా, ఎస్సీ, ఎస్టీ అయి ఆదాయ అర్హత ఉన్నా ఫీజు మొత్తం వస్తుంది. అప్పుడు చేతి ఖర్చు తేడా హాస్టల్ వరకే ఉంటుంది కాబట్టి, పాతుకుపోయిన మంచి ప్రైవేటు కాలేజీ జిల్లా క్యాంపస్ కన్నా నయం కావచ్చు. కాలేజీ ఇంటికి దగ్గరై హాస్టల్ ఖర్చు లేకపోయినా అంతే. జేఈఈ మెయిన్‌లో ఎన్‌ఐటీ వచ్చే ర్యాంకు ఉంటే ఆ దారే వేరు. అక్కడ ట్యూషన్ ఫీజు ఏటా రూ.1.25 లక్షలు, కానీ ఆదాయం రూ.లక్ష లోపైతే పూర్తిగా మాఫీ, రూ.లక్ష నుంచి రూ.5 లక్షల మధ్య అయితే మూడింట రెండొంతులు మాఫీ. అంటే మీలాంటి కుటుంబానికి పడేది సుమారు రూ.41,700.

ఆంధ్రప్రదేశ్ నుంచి చదివేవాళ్లు ఈ రూ.35 వేల పరిమితిని తమకు అన్వయించుకోవద్దు. అక్కడ ఆదాయ పరిమితి రూ.2.50 లక్షలు, నిర్ణయించిన ట్యూషన్ ఫీజు మొత్తం వర్తిస్తుంది. ముందు తల్లుల ఖాతాకు వేసేవారు, 2024లో ప్రభుత్వం మారాక కాలేజీలకే చెల్లించాలని నిర్ణయించారు. మేనేజ్‌మెంట్ సీటుకు అక్కడా రాదు.

వెబ్ ఆప్షన్ల క్రమం ఇలా పెట్టండి. ముందు వెళ్లడానికి సిద్ధంగా ఉన్న అన్ని క్యాంపస్ కాలేజీల్లో సీఎస్‌ఈ, ఏఐ, రాదనిపించినా సరే. తర్వాత అవే కాలేజీల్లో ఈసీఈ. ఆ తర్వాత చేతి నుంచి కట్టేది ఏటా రూ.40 వేలు మించని ప్రైవేటు కాలేజీలు, అంటే ఫీజు రూ.75 వేల లోపువి. రూ.1.20 లక్షలది వాటి కింద. నిరుటి లాస్ట్ ర్యాంక్ పట్టికలో "బీసీ-బి గర్ల్స్" కాలమ్ చూడాలి, ఓసీ కాలమ్ చూసి ఆశ వదులుకోవద్దు. రెండో విడతలో పై ఆప్షన్ వస్తే మొదటి విడత సీటు దానంతటదే పోతుంది, మళ్లీ కావాలన్నా ఇవ్వరు. వెళ్లనని తెలిసిన కాలేజీని పైన పెట్టొద్దు.

కాగితాల్లో ఎక్కువమంది తప్పేది ఆదాయ ధ్రువపత్రం దగ్గర. ఆ ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయినదే అడుగుతారు. నిరుటిది పనికిరాదు. మీసేవలో దరఖాస్తు చేసి తహసీల్దార్ సంతకం అయ్యేదాకా వెంటపడండి. వెరిఫికేషన్ అయ్యాక హెల్ప్‌లైన్ కేంద్రంలో ఇచ్చే రసీదులో ఆదాయం, కేటగిరీ సరిగ్గా ఎక్కాయో అక్కడే నిలబడి చూడండి. అలాట్‌మెంట్ ఆర్డర్‌లో చెల్లించాల్సిన ఫీజు కింద రూ.15 వేలకు బదులు రూ.50 వేలు కనిపిస్తే మీ ఆదాయ ధ్రువపత్రం నమోదు కాలేదన్నమాట. వెంటనే కేంద్రానికి వెళ్లి సరిచేయించుకోండి.

చేరాక రీయింబర్స్‌మెంట్ కోసం ప్రభుత్వ ఈపాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా ఉన్నా ఆగిపోతుంది. ఇంటిపేరు ముందు వెనకలైనా అంతే. ఆధార్‌ను ఇప్పుడే మెమో ప్రకారం మార్పించండి. హాజరు 75 శాతం తగ్గితే ఆ ఏడాది రీయింబర్స్‌మెంట్ పోతుంది, డిటెయిన్ అయినా పోతుంది.

అమ్మాయి కాబట్టి ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్‌కు కూడా దరఖాస్తు చేయించండి. ఏటా రూ.50 వేలు, ఆదాయం రూ.8 లక్షల లోపు ఉండాలి, కుటుంబంలో ఇద్దరు అమ్మాయిల వరకు ఇస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఫస్టియర్‌లోనే పెట్టాలి. కాలేజీకి ఏఐసీటీఈ ఆమోదం ఉండాలి, ఎంపిక మెరిట్ మీద ఉంటుంది. వేరే స్కాలర్‌షిప్‌తో కలిపి తీసుకునే విషయంలో షరతులుంటాయి, దరఖాస్తుకు ముందు అవి చదవండి.

మేనేజ్‌మెంట్ సీటుకు ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే కంగారు పడకండి. తరగతులు మొదలవకముందే మానుకుంటే ప్రాసెసింగ్ కింద రూ.1,000 మినహాయించి మిగతా ఫీజంతా తిరిగివ్వాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదని ఏఐసీటీఈ నిబంధన. మానుకుంటున్నట్టు తేదీ వేసి లేఖ రాసి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి, అదే రోజు కాలేజీకి మెయిల్ కూడా పెట్టండి. వారంలో స్పందన లేకపోతే రసీదు, లేఖ ప్రతులు జతచేసి ఏఐసీటీఈ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయండి.